దిబ్బ ఎక్కితే దవడ నొప్పి

దిబ్బలపేట, శ్రీకూర్మం దగ్గర
జూన్ నెలాఖరు

ఒసే లీలా,

బతికే ఉన్నావా? నీకు ఫోను చేస్తే "ఏటి? ఏటి?" అనడమే తప్ప ఒక్క ముక్క నీ చెవికెక్కదు. పైగా నీ చెవిమిషను గుయ్యిమని నా చెవి కూడా పాడుచేస్తోంది. నాకేమో ఆ పెద్ద ఫోనులో అక్షరాలు కొట్టడం చేతకాదు. అందుకే మళ్ళీ ఈ కవరు. మిషనరీ బడి హాస్టల్లో చీటీలు రాసుకుని బతికినవాళ్ళం, మనకిదే బాగుంది. పెన్ను పట్టుకుంటే మాత్రం టీచరమ్మ బెత్తం గుర్తొచ్చి పుస్తకాల తెలుగు వచ్చేస్తోంది. నోటితో అయితే ఈపాటికి నిన్ను కడిగి ఆరేసేదాన్ని. పండక్కి పిలిస్తే రాలేదు కదూ?

వేట నిషేధం అయిపోయింది. పడవలు దిగాయి. మళ్ళీ తట్ట తలకెత్తాను. ఈ సంచిలో ఎండు నెత్తళ్ళూ, కాస్త ఉప్పుచేపా పంపుతున్నాను.

అసలు సంగతేమిటంటే, నాకు దవడ నొప్పి. పన్ను కాదు, ఎడమ దవడ. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఒడ్డు నుంచి ఇసుక దిబ్బ ఎక్కుతుంటే ఎవరో దవడ పట్టుకు పిండినట్టుంటుంది. దిబ్బ పైన ఆడవాళ్ళమంతా తట్టలు దించి కాసేపు కూర్చుంటాం కదా, అక్కడ కూర్చుని అడ్డచుట్ట వేసుకుంటాను. ముట్టించిన కొస నోటి లోపలికి పెట్టుకుని, వెచ్చగా నాలుగు పీల్పులు పీల్చేసరికి నొప్పి మాయం. నా పక్కన తట్ట దించే జగ్గమ్మ "అడ్డసుట్టకి మించిన మందు లేదే గౌరీ" అంటుంది. నిజమే అనిపిస్తోంది.

నన్ను కట్టుకున్న మావ మాత్రం "నోట్లో నిప్పెట్టుకుని అంగిలి ఉడకబెట్టీసినావు. రేపో మాపో దవడ ఊడి సేతిలో పడతాది, సూడు" అంటున్నాడు. ఆ మాటకి భయమేసింది. కోడలు యమునకి చెప్పలేదు. చెబితే చుట్టల కట్ట సముద్రంలో పారేస్తుంది.

దవడకి రాసుకునే నూనె ఏదైనా ఉంటే పంపు. నువ్వు ఆయుర్వేదం డాక్టరువి అయింది దేనికే?

నెత్తళ్ళు ఎలా ఉన్నాయో రాయి.
గౌరి


పాతపట్నం
జూలై మొదటి వారం

గౌరీ,

నెత్తళ్ళు అందాయి. ఇంకా వండలేదు. నీ ఉత్తరం చదివాక వంటింట్లోకి వెళ్ళబుద్ధి కాలేదు.

నూనె పంపను. తిట్టుకో. ముందు నేను చెప్పేది కుదురుగా చదువు.

నొప్పి దవడలో ఉన్నంత మాత్రాన జబ్బు దవడదే అనుకోకు. గుండెకి చాలినంత రక్తం అందనప్పుడు అది తన బాధని ఎక్కడెక్కడో చెప్పుకుంటుంది. మగవాళ్ళయితే ఎక్కువమంది గుండెలు పట్టుకుంటారు. ఆడవాళ్ళలో చాలామందికి దవడ లాగుతుంది, వీపు పట్టేస్తుంది, ఎడమ చెయ్యి బరువెక్కుతుంది, కారణం లేని ఆయాసం, చల్లటి చెమట, నీరసం. గ్యాసు అనుకుని సోడా తాగి ఊరుకుంటారు. నీ నొప్పి బరువుతో ఎక్కితే వస్తోంది, కూర్చుంటే పోతోంది. అదే నాకు భయంగా ఉంది.

చుట్టతో పోతోందన్నావు. మరి నువ్వు ఒక్కోసారి చుట్ట ముట్టించుకునే తట్ట ఎత్తుతావు కదా? నిప్పు లోపలుంటే సముద్రపు గాలికి ఆరదని గొప్పలు పోయేదానివి. అలా నోట్లో చుట్ట కాలుతుండగా దిబ్బ ఎక్కినప్పుడు నొప్పి రాదా? ఆలోచించి రాయి.

ఎడమ చేతిలో లాగుతోందా? మెట్టెక్కితే ఊపిరి అందుతోందా? ఏదీ దాచకు. తట్ట ఎత్తడం ఇవాళే మానెయ్. శ్రీకాకుళం వెళ్ళి గుండె పరీక్ష చేయించుకో. ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, వచ్చింది తగ్గకపోయినా నా ఉత్తరం కోసం చూడకు, వెంటనే నూట ఎనిమిదికి ఫోను చేయించు.

పోస్టు ఆలస్యమని దీన్ని బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. అదీ ఆలస్యమే అనిపించి యమున ఫోనుకి మెసేజి పెట్టేశాను. నీ రహస్యం బయటపెట్టానని కోపమొస్తుందని తెలుసు. రానీ.

నీ
లీల


దిబ్బలపేట
జూలై

డాక్టరు లీలారాణి గారికి,

నమస్కారములు. తమరు మా కోడలికి పంపిన మెసేజి అందినది. మా ఇంట్లో పెద్ద గొడవ జరిగినది. చుట్టల కట్ట నిజంగానే సముద్రంలోకి పోయినది. సంతోషమా?

యమున నన్ను పిల్లని బడికి ఈడ్చినట్టు శ్రీకాకుళం ఈడ్చుకుపోయింది. బస్సులో అందరి ముందూ "మా అత్తకి గుండెకాయ బాగోలేదు, సీటియ్యండి" అని ఒకటే అరుపు. పరువు గంగలో కలిసింది. పడుకోబెట్టి, ఒంటికి తీగలు అంటించి, కాగితం మీద గీతలు గీశారు. అంతా బాగుందన్నారు. విన్నావా, బాగుంది! పరీక్ష చేసిన కుర్రది "మీ ఈసీజీ నార్మల్ అమ్మా" అంది. "పెద్ద పరీక్షకి కూడా వెళ్ళండి" అని ఏదో రాసిచ్చిందనుకో. నేను మడిచి జాకెట్టులో పెట్టేశాను.

నువ్వు ఆకుల డాక్టరువి. నాకు తెలిసిన మనిషివి. నీ దగ్గర కషాయం తాగి బాగుపడదామని నీకు రాస్తే నన్ను కోత ఆసుపత్రి గుమ్మం ఎక్కిస్తావా? తెల్లమద్ది చెక్క గుండెకి మంచిదట కదా, జగ్గమ్మ చుట్టాలాయన తాగి కర్రలా నడుస్తున్నాడట. అది పంపు. పంపకపోతే బజారులో కొనుక్కుంటాను.

ఇట్లు
తమరి రోగి


పాతపట్నం
జూలై

గౌరమ్మా,

"తమరి రోగి" అన్న చోట నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

ఈసీజీ బాగుండటం మంచిదే. కానీ ఆ పరీక్ష నువ్వు పడుకుని ఉండగా చేసింది. నీకు పడుకుంటే నొప్పి వస్తోందా? ఒడ్డున ఇసుకలో పెట్టిన పడవకి చిల్లుందో లేదో ఎవరికి తెలుస్తుంది? నీళ్ళలోకి తోస్తేనే తెలుస్తుంది. ఆ అమ్మాయి రాసిచ్చిన పెద్ద పరీక్ష అదే. నిన్ను నడిపించి చూస్తారు. జాకెట్టులో నుంచి ఆ కాగితం తీసి యమున చేతికియ్యి.

తెల్లమద్ది మంచిదే, కాదనను. ఇన్నేళ్ళుగా నేను ఎంతమందికో ఇచ్చాను. కానీ మా ఆయుర్వేదంలో మొదటి రోజున నేర్పిన పాఠం ఏమిటో తెలుసా? ముందు రోగం చూడు, తర్వాతే మందు. గుండెని మేము ప్రాణం నిలిచే మర్మం అంటాం. అలాంటి చోట కళ్ళు మూసుకుని కషాయం పోసేదాన్ని వైద్యురాలు అనరు. గుండెకి రక్తం తెచ్చే గొట్టం పూడిపోయి ఉంటే నా చెక్క దాన్ని తవ్వి తీయలేదు. నువ్వు కషాయం తాగుతున్నానన్న ధైర్యంతో తట్ట ఎత్తి దిబ్బ ఎక్కుతావు. ఆ ధైర్యమే నిన్ను చంపుతుంది. అందుకని పరీక్ష అయ్యేదాకా నా చేతి నుంచి నీకు శొంఠి ముక్క కూడా రాదు.

బజారులో కొంటే నాతో మాట్లాడకు. ఇది బెదిరింపు కాదు, బతిమాలుకోవడం.

నేనడిగిన చుట్ట సంగతికి నువ్వు జవాబు రాయలేదు.

లీల


దిబ్బలపేట
ఆగస్టు

లీలా,

నిన్ను ఓడించాలని జగ్గమ్మ దగ్గర ఒక చుట్ట అడిగి తీసుకుని ఒడ్డునే ముట్టించాను. తట్ట లేదు, ఉత్త చేతులతోనే దిబ్బ ఎక్కాను. సగం దాటలేదు. దవడ పట్టేసింది, ఎడమ చెయ్యి మోచేతి దాకా లాగేసింది, ఒళ్ళంతా చెమట. ఇసుకలోనే కూలబడ్డాను. చుట్ట నోట్లో కాలుతూనే ఉంది.

చెయ్యి ఇలా లాగడం కొత్త కాదు. ఉగాది ముందు నుంచీ ఉంది. నీకు రాయలేదు.

ఎప్పుడొస్తావు?

గౌరి


పాతపట్నం

ఈ చీటీ తెచ్చిన కండక్టరు బస్సులోనే నేనూ ఉన్నాను. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో దిగి నీ కోసం ఎదురుచూస్తుంటాను. యమునతో రా. నడవకు, ఆటోలో రా.

లీల


విశాఖపట్నం, ఆసుపత్రి మంచం మీద నుంచి
ఆగస్టు

నా లీలకి,

నిన్ను బస్సెక్కించి వచ్చాక యమున కాగితం తెచ్చి ఇచ్చింది. చెయ్యి ఇంకా కొంచెం వాచి ఉంది, అక్షరాలు కాకి కాళ్ళలా ఉంటే ఏమీ అనుకోకు.

ఆ నడక పరీక్షప్పుడు నిన్ను బయటే ఉంచేశారు కదా, లోపల జరిగింది చెప్పాలి. కింద పట్టా వెనక్కి పోతుంటే మనం ముందుకి నడవాలట. ఎంత నడిచినా ఉన్నచోటే. ఇదేం విడ్డూరమో అని నవ్వుకున్నాను. తర్వాత ఆ పట్టాని ఏటవాలుగా లేపారు. అచ్చం మన దిబ్బే. కాసేపటికి దవడ మొదలైంది. చెయ్యి ఊపాను. వెంటనే ఆపి, కుర్చీలో కూర్చోబెట్టి, తెరమీద గీతలు చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

నా చెయ్యి దానంతటదే బొడ్లోకి పోయింది, చుట్ట కోసం. లేదు. చుట్టా లేదు, నిప్పూ లేదు. ఊరికే కూర్చున్నాను. కూర్చుంటే పోయింది లీలా! దానంతటదే పోయింది. నేను బావురుమన్నాను. అక్కడున్న నర్సమ్మ "భయపడకండమ్మా" అంటోంది. భయం కాదు. ఇన్నాళ్ళూ నన్ను కూర్చోబెట్టి కాపాడింది నా ఒళ్ళు, నేను దండం పెట్టింది చుట్టకి.

గొట్టం ఒకటి చాలావరకు మూసుకుపోయిందట. కోత లేదు, ఏమీ లేదు. మణికట్టు దగ్గర నుంచి తీగ పంపి లోపల స్ప్రింగులాంటిది పెట్టారు. నేను మెలకువగానే ఉన్నాను. గుండె కండరం ఏమీ చెడలేదని, వేళకి తెచ్చారని పెద్ద డాక్టరు అన్నాడు. "ఎవరమ్మా మిమ్మల్ని పంపింది?" అని అడిగాడు. "మా లీల. ఆయుర్వేదం డాక్టరు" అన్నాను. ఆయన తలెత్తి చూశాడు. నాకు నా కొడుక్కి ఫస్టు మార్కు వచ్చినంత గర్వంగా అనిపించింది.

మా మావ గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రాడు. ఎందుకయ్యా అంటే "దవడ ఊడిపోతాదని నవ్వినాను. నా నోరు పడిపోనీ" అని ఏడుపు. యమున శ్రీకూర్మంలో మొక్కుకుందట. నువ్వు చర్చిలో ప్రార్థన చేయించావట. ఎవరు కాపాడారో వాళ్ళే మాట్లాడుకుని తేల్చుకోవాలి. నేనయితే అందరికీ అప్పే.

ఇప్పటికైనా నీ కషాయం ఇస్తావా?

నీ గౌరి


పాతపట్నం
సెప్టెంబరు

ఒసే గౌరీ,

ఇప్పుడు నా వంతు. రొట్టె విరిగి నేతిలో పడిందనుకోకు, పథ్యం మొదలైంది.

ఆసుపత్రి మాత్రలు ఒక్కటి కూడా మానడానికి వీల్లేదు. ఒంట్లో బాగుందనిపించినా మానకూడదు. అదే మొదటి మాట, చివరి మాట కూడా. చుట్ట పేరెత్తకు. నోరు ఊరికే ఉండలేకపోతే లవంగం బుగ్గన పెట్టుకో, వేయించిన వాము నములు. పొద్దున్న మజ్జిగతో రాగి చోడంబలి తాగు. ఉలవలు, మునగాకు, వెల్లుల్లి కూరల్లో వేయమను. తాజా చేప పులుసు తిను, వేపుడు వద్దు. ఆకలేశాకే తిను, పొట్ట పగిలేలా తినకు. తెల్లారగానే ఒడ్డున చదునుగా ఉన్న చోట నెమ్మదిగా నడు. మా శాస్త్రంలో గుండెని మనసుకి ఇల్లు అన్నారు, కాబట్టి కోడలి మీద అరవకపోవడం కూడా పథ్యంలో చేరుస్తున్నాను.

ఉప్పుచేప బందు. ఇది రాయడానికి నా చెయ్యి ఎంతసేపు ఆగిందో నీకు తెలీదు.

తెల్లమద్ది గురించి మీ గుండె డాక్టరుకి ఉత్తరం రాశాను. ఆయన మర్యాదగా జవాబిచ్చారు. రక్తం పలచబరిచే మాత్రలు నడుస్తున్నాయి కాబట్టి ఇప్పుడే వద్దు, వచ్చే పరీక్ష చూసి చెబుతానన్నారు. ఆగుదాం. ఆగడం కూడా వైద్యమే.

లీల


దిబ్బలపేట
అక్టోబరు

లీలా,

ఉప్పుచేప లేని అన్నం ఒక అన్నమా? లవంగాలు నమిలి నమిలి నా నోరు బిరియానీ డేగిశాలా తయారైంది. నిన్న చుట్ట కోసం ఇల్లంతా వెతికాను, ఒకటి దొరికింది కూడా, చూరులో. వాసన చూసి ఏడ్చి యమున చేతిలో పెట్టాను. అది దాన్ని పొయ్యిలో పడేసి నాకు అంబలి కలిపి తెచ్చింది. మంచి పిల్లే. ఈ మాట దానికి చెప్పకు.

తట్ట ఇప్పుడు అదే మోస్తోంది. నేను ఆటోలో సంతకి పోయి కూర్చుని బేరం చేస్తున్నాను. దొరసానిలా ఉంది నా బతుకు. సిగ్గేస్తోంది.

ఒక్కటి అడగనా? అంత చిన్న ఉత్తరంలో, నూనె పంపమన్న ఉత్తరంలో, నీకు గుండె ఎక్కడ కనపడిందే?

గౌరి


పాతపట్నం
నవంబరు

గౌరీ,

అడిగావు కాబట్టి చెబుతున్నాను.

నాకు చిన్నప్పటి నుంచీ చెవులు అంతంత మాత్రమే. తరగతిలో టీచరమ్మ చెప్పింది సగం వినపడేది కాదు. నువ్వు పక్కన కూర్చుని ఆవిడ చెప్పిన ప్రతి మాటా నా నోటుపుస్తకం అంచున రాసిపెట్టేదానివి. ఆవిడ దగ్గినా "దగ్గింది" అని రాసేదానివి. పదో తరగతి నేను పాసయింది నీ చేతిరాత మీద. మీ నాన్న పోయి నువ్వు తట్ట ఎత్తుకున్నావు, నేను కాలేజీకి వెళ్ళాను.

డాక్టరునయ్యాక కూడా స్టెతస్కోపులో గుండె చప్పుడు నాకు సరిగా వినపడదు. అందుకని నాడి పట్టుకుంటాను, మనిషి చెప్పేది కాగితం మీద రాయమంటాను, దాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతాను. నీ ఉత్తరంలో "ఎక్కుతుంటే" అని ఉంది, "కూర్చుని" అని ఉంది. చుట్ట సంగతి ఆ రెంటి మధ్యలో ఉంది. నువ్వు ఎప్పుడూ అంతే, జరిగింది జరిగినట్టు రాస్తావు. నేను కనిపెట్టిందేమీ లేదు. నువ్వు రాసిపెట్టావు, నేను చదువుకున్నాను, హాస్టల్లో లాగే.

నీకు నేను ప్రాణం పోశానని ఊరంతా చెబుతున్నావట, యమున మెసేజి పెట్టింది. నాకు చదువు పెట్టినదానివి నువ్వు. ఇంక నాకు థాంక్సులు చెబితే ఒప్పుకోను.

మీ డాక్టరు సరేనన్నారు. తెల్లమద్ది చెక్క పొడి పంపుతున్నాను. పాలల్లో నీళ్ళు పోసి, చిటికెడు పొడి వేసి, పాలు మిగిలేదాకా కాచి పొద్దున్న తాగు. మాత్రలకి బదులు కాదు, మాత్రలతో పాటు. ఒంటి మీద ఎక్కడైనా కమిలినా, చిగుళ్ళ నుంచి రక్తం కారినా ఈ పొడి మానేసి చెప్పు.

లీల


దిబ్బలపేట
ఫిబ్రవరి

లీలా,

పాల కషాయం వగరుగా, చెక్క నాకినట్టు ఉంది. తాగుతున్నాను. మొన్న పరీక్షలో అంతా బాగుందన్నారు. ఈసారి నడిపించే చూశారు, పడుకోబెట్టి కాదు. దిబ్బ కూడా ఎక్కొచ్చన్నారు, బరువు లేకుండా.

అంతకంటే పెద్ద కబురు జగ్గమ్మది. కిందటి వారం సంతకి పోతూ ఆటో ఆపించి దిబ్బ దగ్గర ఆగాను. జగ్గమ్మ తట్ట దించి, వీపు మీద చెయ్యేసుకుని, చుట్ట తీస్తోంది. "ఏటే, ఈపు పట్టీసిందా?" అన్నాను. "దిబ్బెక్కితే రోజూ ఉన్నదే కదే. సుట్ట కాలిస్తే పోతాది" అంది. గబుక్కున ఆ చుట్ట లాక్కున్నాను. "ముట్టించకు. అలా కూకో. పోతాదో లేదో సూడు" అన్నాను. నన్ను అమ్మనా బూతులు తిట్టి కూర్చుంది. కాసేపటికి తిట్లు ఆగిపోయాయి. నా మొహంలోకి చూసి "పోయిందే" అంది, చిన్నపిల్లలా.

ఆ రోజే యమునా నేనూ దాన్ని శ్రీకాకుళం తీసుకెళ్ళాం. దానికి ఇంకా మొదట్లోనే ఉందట. స్ప్రింగు అక్కర్లేదు, మాత్రలతోనే సరిపోతుందన్నారు. ఇప్పుడు దిబ్బ మీద ఎవరు చుట్ట తీసినా పక్కనున్నవాళ్ళు "సుట్టకి పోతాదా, కూకుంటే పోతాదా?" అని అడుగుతున్నారు. దానికి "లీలమ్మ ప్రశ్న" అని పేరు పెట్టారు. నువ్వెవరో సగం మందికి తెలీదు. ఎవరో పెద్ద డాక్టరమ్మ అనుకుంటున్నారు. నేను సరిదిద్దలేదు.

ఇవాళ పొద్దున్న నేను దిబ్బ ఎక్కాను. ఉత్త చేతులతో, నెమ్మదిగా, మధ్యలో ఆగకుండా. దవడ దవడలాగే ఉంది, చెయ్యి చెయ్యిలాగే ఉంది. పైకి చేరాక అలవాటు కొద్దీ కూర్చున్నాను. పెళ్ళయిన నాటి నుంచీ అక్కడ కూర్చుంటున్నాను కానీ ఈమధ్య ఏళ్ళల్లో కళ్ళు మూసుకుని దవడ పట్టుకుని కూర్చోవడమే. ఇవాళ ఏ నొప్పీ లేకుండా ఊరికే కూర్చున్నాను. మా వాడి పడవ వస్తుంటే చూశాను. అంత దూరం నుంచి మా పడవ రంగు గుర్తుపట్టొచ్చని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

థాంక్సులు చెబితే ఒప్పుకోనన్నావు కాబట్టి చెప్పడం లేదు. ఈ సంచిలో నెత్తళ్ళు పంపుతున్నాను. ఇసుకలో కాకుండా వల పరిచి ఆరబోశాను, ఉప్పు ఒక్క రవ్వ కూడా వెయ్యలేదు, ఎండ ఒక్కటే. నాకొకటి, నీకొకటి అని రెండు సంచులు కట్టాను. నువ్వూ యాభై దాటావు. రోజూ ఆ కొండ పక్క వీధి ఎక్కి మీ ఆయుర్వేదం ఆసుపత్రికి పోతావు. ఎక్కేటప్పుడు ఏమైనా అనిపిస్తోందా, కూర్చుంటే పోతోందా, జరిగింది జరిగినట్టు రాయి. నేను చదువుతాను.

నీ గౌరి